గులాబీ రంగుని నమ్మని మా పెదనాన్న

మా పెదనాన్న ఏ రంగు పెన్సిల్‌నీ మూడు నెలలు ఎండలో పెట్టందే నమ్మరు. మనుషుల్ని మాత్రం చూసిన క్షణంలో నమ్మేస్తారు. పొయ్యి బాగుచేస్తానని వచ్చి, ఉన్న పొయ్యిని కూడా పట్టుకుపోయిన మనిషి గురించి ఇప్పటికీ "వస్తాడు, పాపం పని ఒత్తిడి" అంటారు. పెన్సిల్ దగ్గరికి వచ్చేసరికి ఆయన పోలీసు.

ఆయన పద్ధతి ఇది. తెల్ల కాగితం పట్టీ మీద ఆ పెన్సిల్‌తో ఐదు గళ్లు నింపాలి. మొదటిది ఊదితే ఎగిరిపోతుందేమో అన్నంత పలచగా, ఐదోది కాగితం కనబడనంత చిక్కగా. పట్టీలో సగం మీద నల్లట్ట కప్పి, కిటికీ అద్దానికి అంటించాలి. మూడు నెలలయ్యాక అట్ట తీసి చూస్తే, నీడలో ఉన్న సగం, ఎండలో ఉన్న సగం ఒకేలా ఉండాలి. ఉంటే పాస్. ఆవగింజంత తేడా వచ్చినా ఫెయిల్. ఫెయిలైన పెన్సిల్‌కి వెనకవైపు చాకుతో ఒక గాటు పడుతుంది. ఆ గాటు పడ్డ పెన్సిల్‌ని ఆయన ఇంట్లో ఫోన్ నంబరు రాసుకోవడానికి కూడా వాడనివ్వరు.

మా ఇంటికి ఏడు కిటికీలు. ఏడింటికీ పట్టీలే. అందుకని మిట్టమధ్యాహ్నం కూడా మా ఇంట్లో లైటు వెలగాల్సిందే. కొత్తగా వచ్చిన వాళ్లు గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి, "ఎవరికండీ, కళ్ల ఆపరేషన్?" అని అడుగుతారు.

"మాకు కాదు, పెన్సిళ్లకి," అంటుంది పెద్దమ్మ.

పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు. చీకట్లో స్టూలు తగిలినప్పుడల్లా ఆవిడ తిట్టేది స్టూలుని కాదు.

"ఏమండీ, పెన్సిల్‌కి మూడు నెలలు పరీక్ష పెడతారే, నన్ను చేసుకునేటప్పుడు ఎన్ని నెలలు ఎండలో పెట్టారు?" అని ఒకసారి నిలదీసింది.

"నిన్ను చూడగానే తెలిసిపోయింది, నీది మట్టిరంగని."

"అంటే?"

"ఎన్నేళ్లయినా వెలవవు."

అది పొగడ్తో కాదో పెద్దమ్మ ఇప్పటికీ తేల్చుకోలేదు. తేలేదాకా కోపంగానే ఉండటం మంచిదని ఉంటోంది.

రంగుల గురించి పెదనాన్న ఇలాగే మాట్లాడతారు, ఇరుగుపొరుగు గురించి మాట్లాడినట్టు. నీలం నమ్మకస్తుడు. మట్టిరంగు బంగారంలాంటి మనిషి. పసుపు మంచివాడే కానీ స్నేహాలు మంచివి కావు. ఆకుపచ్చ పైకి ఒకటి, లోపల ఒకటి. ఊదా ఆరంభశూరుడు. ఇక గులాబీ మాట ఎత్తితే చాలు, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెడతారు. "ఎనిమిదేళ్లలో నలభై మూడు గులాబీలు చూశానమ్మా. ఒక్కటీ మాట మీద నిలబడలేదు. నవ్వుతూ వస్తుంది, చెప్పకుండా పోతుంది."

ఈ అనుమానం ఆయనకి ఉద్యోగంలో పట్టుకుంది. భూముల కొలతల ఆఫీసులో నక్షాలకి రంగులు వేసేవారు. ఆయన వేసిన ఒక నక్షా పదహారేళ్లు కిటికీ ఎదురుగా గోడకి వేలాడింది. ఆ పదహారేళ్లలో అందులోని నది నెమ్మదిగా వెలిసిపోయి కాగితంలో కలిసిపోయింది. కొత్తగా వచ్చిన అధికారి దాన్ని చూసి, ఇంత ఖాళీ జాగా ఉండగా వేరే చోటెందుకని, కొత్త ఆఫీసు అక్కడే కట్టాలని సంతకం పెట్టేశారట. పునాది రాయి వేయడానికి అందరూ పడవ ఎక్కాల్సి వచ్చిందట. నేను మొదటిసారి విన్నప్పుడు ఈ కథలో పడవ ఒకటే. ఇప్పుడు మూడయ్యాయి, ఒక దాంట్లో బ్యాండుమేళం కూడా ఉంది.

"నది ఎండిపోయిందా అని అడిగాడమ్మా నన్ను. ఎండిపోయింది నది కాదు సార్, నా పెన్సిల్ అన్నాను. ఆ రోజు నిద్రపట్టలేదు."

"నీలం నమ్మకస్తుడన్నారుగా మరి," అంది పెద్దమ్మ.

"అది వేరే నీలం. వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తకు."

ఏడు కిటికీలూ చాలక ఆయన కన్ను ఎదురింటి దర్జీ కొట్టు మీద పడింది. దానికి పడమటి వైపు పెద్ద అద్దం కిటికీ. రెండంటే రెండు పట్టీలు పెట్టుకుంటానని బతిమాలి ఒప్పించారు. నెల తిరిగేసరికి ఇరవై రెండు.

"పెద్దాయనా, ఆ కిటికీ నేను సూదిలో దారం ఎక్కించుకోవడానికి పెట్టించుకున్నది," అన్నాడు దర్జీ.

"దారం మా ఇంటికి తెచ్చుకో నాయనా, మా అమ్మాయి ఎక్కిస్తుంది."

"మీ ఇంట్లో వెలుతురేదీ?"

పెదనాన్న ఇంకో పట్టీ అంటించి వచ్చారు.

అక్కడితో పోలేదు. దర్జీ దగ్గరికి గౌను కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడకి, కిటికీలో పదకొండో పట్టీ రంగు నచ్చింది. అచ్చం ఆ రంగు గుడ్డ దొరుకుతుందా అని అడిగింది. దర్జీ సంతోషంగా కొలతలు తీసుకుంటున్నాడు. ఆవిడ చూపించింది ఎండ తగిలి వెలిసిన సగం. మా గుమ్మంలోంచి అది చూసిన పెదనాన్న ఉండబట్టలేక వీధి దాటి వెళ్లారు. "అమ్మా, అది రంగు కాదు. రంగు శవం," అన్నారు. ఆవిడ కొలతల మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. దర్జీ ఎనిమిది రోజులు మాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు వచ్చి, పట్టీలకి ఒక కర్టెన్ కుట్టి పెట్టనా అని అడిగాడు. కర్టెన్ వేస్తే ఎండ ఎలా తగులుతుందని పెదనాన్న అతనితోనే మళ్లీ పోట్లాడారు.

ఈ పరీక్షల్లో చాకిరీ మొత్తం నాది. తొమ్మిదో తరగతిలో జబ్బుచేసి బడి మానేశాను. తగ్గాక నాకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి మొహం చెల్లలేదు. అమ్మ నన్ను పెద్దమ్మకి సాయంగా ఇక్కడికి పంపింది. సాయం పెద్దమ్మకి కొంచెమే అందింది, మిగతాదంతా పట్టీలు తినేశాయి. ఆరేళ్లుగా గళ్లు నింపుతున్నాను. పెదనాన్న పక్కన నిలబడి భూతద్దంలోంచి చూస్తారు.

"ఇదిగో, ఈ మూల కాస్త ఎక్కువ నొక్కావు."

"చాలా కొంచెం పెదనాన్నా."

"కొంచెమైనా కొంచెమే. రేపు తేడా వస్తే ఎండ ఎవరిని శిక్షించాలి, రంగునా, నీ చేతినా?"

మళ్లీ మొదటినుంచి. గీత వెనక గీత, ఒకే బరువుతో, గింగిరాలు తిరక్కుండా. ఒక పొర పడమరకి, దాని మీది పొర దక్షిణానికి. మొన మొద్దుబారితే షార్పనర్ కాదు, చాకు. షార్పనర్‌ని కూడా ఆయన నమ్మరు, అది కొయ్యతో పాటు ఓపికని కూడా తినేస్తుందట. నా ఓపిక సంగతి ఆయన ఎప్పుడూ అడగలేదు. కొన్ని రోజులు నాకు కలలో కూడా గళ్లే వచ్చేవి, వాటిలోనూ ఒక మూల ఎక్కువ నొక్కేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం, పెద్దమ్మ మందుల పొట్లం విప్పుతుంటే, ఆ పేపర్లో ఒక ప్రకటన కనిపించింది. కాలేజీలో ఎండిన మొక్కల్ని అట్టలకి కుట్టి దాచే గది ఒకటి ఉందట. మొక్క ఎండితే దాని రంగు పోతుంది కాబట్టి, పచ్చిగా ఉన్నప్పుడే రంగు పెన్సిళ్లతో బొమ్మ గీసి పెట్టే మనిషి కావాలట. ఇంట్లో గీసిన ఒక పువ్వు బొమ్మ తీసుకుని రావాలి, అక్కడ కూర్చుని ఇంకొకటి గీయాలి. ఇంకా ఇరవై రోజుల గడువుంది. ప్రకటన చివరి నుంచి మొదటికి కూడా చదివాను. ఏం చదువుకున్నారు అన్న మాట ఎక్కడా లేదు. అప్పటిదాకా నా చేతికి వచ్చిన ప్రతి దరఖాస్తులోనూ ఆ గడి దగ్గరే నా పెన్ను ఆగిపోయేది. ఇలాంటిది మళ్లీ దొరకదని తెలిసి, ఆ కాగితం ముక్కని మడిచి జాకెట్టులో దోపుకున్నాను.

పెదనాన్నకి చెప్పడమే నేను చేసిన పొరపాటు. ఆయన వెంటనే చొక్కా వేసుకున్నారు. "పద. సరంజామా నేను ఏరతాను."

రంగుల కొట్టాయన మమ్మల్ని దూరం నుంచే చూశాడు. మేం వెళ్లేసరికి తలుపుకి "భోజనానికి వెళ్లాం" అని బోర్డు వేలాడుతోంది. టైము ఉదయం పది. పెదనాన్న బోర్డు చదివి, "పాపం, పొద్దున్నే ఆకలేసినట్టుంది" అని మెట్ల మీద కూర్చున్నారు. ఇరవై నిమిషాలు. లోపల బీరువా వెనక కొట్టాయన బట్టతల నాకు కనబడుతూనే ఉంది. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. చివరికి ఇంకో కొనుగోలుదారు వచ్చి తలుపు తట్టడంతో ఆయన భోజనం ముగించక తప్పలేదు.

పెదనాన్న ఒక్కో పెన్సిల్‌నీ గాజు కౌంటర్ మీద దొర్లించారు. వంకర ఉంటే గిలగిలా కొట్టుకుంటుంది, తిన్ననిది జారిపోతుంది. తర్వాత చివర చూసి, లెడ్ సరిగ్గా నడిమధ్యన ఉందో లేదో భూతద్దంలో పరీక్షించారు. పక్కకి ఉంటే చెక్కినప్పుడల్లా ఒకవైపు కొయ్యే మిగులుతుందట. కొయ్య వాసన చూశారు. కాగితాన్ని చెంపకి రాసుకున్నారు, మరీ నున్నగా ఉంటే రెండో పొరకే రంగు జారిపోతుందని. రబ్బర్ని పిండి చూశారు. అది ముద్దలా మెత్తగా ఉండాలి, రంగుని గీకకూడదు, అద్దుకుని పైకి తీయాలి. కొనుగోలుదారులు ముగ్గురు వచ్చి, చూసి, వెళ్లిపోయారు.

"ఇది గులాబీయేనా?"

"పేరు రాసుంది కదా సార్."

"పేరెవడికి కావాలి. ఎండలో నిలబడుతుందా?"

"సార్, అది పెన్సిల్. వాచ్‌మన్ కాదు."

"పోనీ ఒక కాగితం మీద రాసిస్తారా, మూడు నెలలకి వెలవదని?"

"మీరిలా వస్తుంటే మూడు నెలలకి నేనే ఉంటానో లేదో తెలీదు సార్."

పదకొండు పెన్సిళ్లు, నాలుగు కాగితాలు, ఒక రబ్బరు తీసుకుని ఇంటికి వచ్చాం. పదకొండూ పాత పరీక్షల్లో పాసైనవాటి తోబుట్టువులే. అందులో గులాబీ లేదు. నేను గీద్దామనుకున్నది సందు చివర గోడ మీది కాగితం పూలు. నిండు గులాబీ రంగు.

"వేరే పువ్వు గీయి తల్లీ. తెల్లపూలకేం రోగం?"

"తెల్ల కాగితం మీద తెల్లపువ్వు గీస్తే, ఏమీ గీయకుండా వచ్చాననుకుంటారు."

"గులాబీకి తొంభై రోజులు కావాలి. అంతకి తక్కువలో నేను సంతకం పెట్టను."

"మీ సంతకం ఎవరూ అడగలేదు పెదనాన్నా. ఇరవై రోజులే ఉంది. ఉద్యోగం గులాబీ కోసం ఆగదు."

"ఆగని ఉద్యోగం ఏం ఉద్యోగం?"

ఆ ఇంట్లో నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. పెంచానంటే ఎంతో కాదు, పక్కగదిలో పెద్దమ్మకి వినబడేంత. "మీకు పెన్సిల్ పాసవ్వాలి, అంతే. నేను ఫెయిలైనా ఫర్వాలేదు," అన్నాను. పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నారు.

మర్నాడు ఒంటరిగా రంగుల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నా వెనక ఎవరూ లేరని వీధి దాకా వచ్చి చూసుకుని, అప్పుడు మాట్లాడాడు. అన్నిటికంటే మెరిసే గులాబీ కొనుక్కున్నాను. వారం రోజులు వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితం పూల కొమ్మ గీశాను. పూర్తయ్యేసరికి, తేనెటీగ వచ్చి వాలేలా ఉంది. పెదనాన్న భూతద్దం పట్టుకుని వచ్చి చాలాసేపు వంగి చూశారు.

"చెయ్యి బాగా నడిచింది," అన్నారు.

నేను ఊపిరి పీల్చుకునేలోపల, "కాస్త చీకట్లో చూసుకోమని చెప్పు వాళ్లకి" అనేసి వెళ్లిపోయారు.

పరీక్ష రోజు ఆయన కూడా వస్తానని బయల్దేరారు. వద్దన్నా వింటేగా. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎండ ఏ వైపు నుంచి వస్తుందో దారిపొడవునా చెబుతూనే ఉన్నారు. మొక్కల గది వరండాలో ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరితోనూ మాట్లాడకండి అని చెప్పి లోపలికి వెళ్లాను.

మేం ఎనిమిది మందిమి. మిగతా ఏడుగురి దగ్గరా మూతలు తెరుచుకునే పెద్దపెద్ద పెన్సిల్ డబ్బాలు. ఆ గది పెద్ద మేడం, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని, అందరి బొమ్మలూ తీసుకున్నారు. డబ్బాలన్నీ పక్కన పెట్టించారు. మధ్యలో బల్ల మీద విడి పెన్సిళ్లు ఒక గుట్ట. పాతవీ కొత్తవీ, పొడవువీ పొట్టివీ, రకరకాల కంపెనీలవి కలిసిపోయి ఉన్నాయి. పక్కన మూడు రకాల కాగితాలు. సీసాలో ఒక తీగపువ్వు, గులాబీకీ ఊదాకీ మధ్య రంగు.

"కావలసినవి ఏరుకోండి. రెండు గంటలు టైము," అన్నారు మేడం.

ఏడుగురూ గుట్ట మీద పడ్డారు. మెరిసే గులాబీలు, ఊదాలు క్షణంలో మాయమయ్యాయి. నేను కూడా పడదామనే అనుకున్నాను. నా చేతులు వినలేదు. ఒక పెన్సిల్ తీసి బల్ల మీద దొర్లించాయి. చివర చూశాయి. కాగితాన్ని ఎప్పుడు చెంపకి రాసుకున్నానో నాకే తెలీదు, పక్కన అమ్మాయి జరిగి కూర్చుంటే తెలిసింది. తీసుకున్న ప్రతి పెన్సిల్‌తోనూ చిత్తు కాగితం మీద ఐదేసి గళ్లు నింపుతూ కూర్చున్నాను. అరగంట అయిపోయింది. అందరివీ పువ్వులు విచ్చుకుంటున్నాయి. నా ముందు గళ్లు. పెదనాన్న మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

గుట్టలో రెండు గులాబీలు మిగిలాయి. ఒకదాన్ని మొహం చూసి గుర్తుపట్టాను, మా వంటింటి కిటికీలో ఫెయిలైంది. రెండోదాన్ని ఎరగను. నేను బడిలో ఏనాడూ చెయ్యెత్తలేదు. అప్పుడు ఎత్తాను.

"ఏంటమ్మా?"

"ఇవి... ఇవి ఎన్నాళ్లు ఎండలో పెట్టారండీ?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడం కళ్లజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి దించుకున్నారు. "పెట్టలేదు. ఏం?"

"పెట్టకపోతే ఈ గులాబీల్ని నమ్మడానికి లేదండీ."

నా నోట్లోంచి వచ్చింది పెదనాన్న గొంతు. నేల చీలితే బాగుండుననిపించింది. చీలలేదు, మొజాయిక్ నేల.

"మరి ఈ పువ్వెలా వేస్తావు?"

"ఇటుక రంగు పలచగా వేసి, దాని మీద నీలం ఇంకా పలచగా, మళ్లీ ఇటుక రంగు... అలా నాలుగైదు పొరలు వేస్తానండీ. కొంచెం తక్కువ మెరుస్తుంది. కానీ ఉంటుంది."

"సరే, కానివ్వు."

గంట మోగేసరికి ఏడుగురి పువ్వులూ దీపాల్లా వెలుగుతున్నాయి. నాది మబ్బు పట్టిన రోజు పూసినట్టుంది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. బస్సులో పెదనాన్నని ఏమేం అనాలో వరసగా పేర్చుకుంటూ నా వస్తువులు సర్దుకున్నాను.

మేడం అందరినీ పంపించి నన్ను ఆగమన్నారు. ఆవిడ చూస్తున్నది నా పువ్వుని కాదు, చిత్తు కాగితాన్ని.

"ఈ గళ్లు స్కేలు పెట్టి వేశావా?"

"లేదండీ, చేత్తోనే."

"ఒక్క గీత కూడా ఎక్కువ నొక్కినట్టు లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

కిటికీలోంచి వరండా కనబడుతోంది. పెదనాన్న బెంచీ మీద లేరు. తోటమాలిని పక్కన నిలబెట్టుకుని, ఆ గది కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి, వేడి ఎంతుందో చూస్తున్నారు.

"ఎవరూ నేర్పలేదండీ," అన్నాను. "మా పెదనాన్నకి పిచ్చి."

మేడం కూడా కిటికీలోంచి చూశారు. ఆయన ఆవిడకి నమస్కారం పెట్టి, మళ్లీ అద్దం మీద చెయ్యి వేశారు.

"ఆ పిచ్చికి రికార్డేమైనా ఉందా?"

"ఎనిమిది రిజిస్టర్లండీ. ఏ రంగు ఎన్ని రోజులకి వెలిసిందో అన్నీ రాసుంటాయి."

ఆవిడ నేను ఇంటి నుంచి తెచ్చిన కాగితం పూల బొమ్మ తీసి చూశారు. "మరి ఇందులో గులాబీ ఉందే?"

"అది... కాస్త చీకట్లో ఉంచాలండీ."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు మళ్లీ నెత్తి మీదికి తోసుకున్నారు. "ఆ రిజిస్టర్లు చేరే రోజున తీసుకురా. సోమవారం."

నాకు అర్థం కావడానికి వరండా దాటాల్సి వచ్చింది. అర్థమయ్యాక పెదనాన్నకి చెప్పాను. "ఆ కిటికీ బ్రహ్మాండమైన కిటికీ," అన్నారాయన. తర్వాత బస్సులో, మూడు స్టాపులు దాటాక, నా వైపు చూడకుండా, "మంచి కబురు చెప్పావు తల్లీ" అన్నారు.

ఆ సాయంత్రం రిజిస్టర్ల దుమ్ము దులపడానికి కూర్చున్నాను. రాసింది ఆయనే, నేను ఎప్పుడూ విప్పి చూడలేదు. మొదటి రెండేళ్ల రిజిస్టర్లు పలచగా ఉన్నాయి. ఒకే ఒక కిటికీ, నెలకి రెండో మూడో పెన్సిళ్లు. మూడో రిజిస్టర్‌లో, నేను ఈ ఇంటికి వచ్చిన వారం నుంచి, రోజుకో పట్టీ. తర్వాత రెండో కిటికీ, మూడో కిటికీ. రోజుకో కొత్త పెన్సిల్ ఎక్కడ దొరికిందా అని చూస్తే, దొరకలేదు. అవే పెన్సిళ్లు మళ్లీ మళ్లీ. ఒక నీలం పెన్సిల్ పేరు లెక్కపెట్టాను. పద్నాలుగు సార్లు ఉంది. పద్నాలుగు సార్లూ పాస్.

"పెదనాన్నా, ఈ నీలం మొదటిసారే పాసైంది కదా. ఇంకో పదమూడు సార్లు ఎందుకు పరీక్షించారు?"

ఆయన పైకప్పు వైపు చూశారు. "నీలాన్ని కూడా మరీ అంత నమ్మకూడదు."

"చాల్లెండి," అంది పెద్దమ్మ, మోకాళ్లకి నూనె రాసుకుంటూ. "వచ్చిన కొత్తలో నువ్వు తలుపు చాటున కూర్చుని గోళ్లు కొరుక్కునేదానివే. పలకరిస్తే ఉలిక్కిపడేదానివి. పిల్ల చేతికి ఏదైనా పని ఇవ్వండి, మనసు మళ్లుతుంది అన్నాను. ఈయనకి తెలిసిన పని ఇదొక్కటేనాయె. ఒక పట్టీ ఇచ్చారు. బాగా వేసిందే అని రెండోది ఇచ్చారు. చెయ్యి తిరుగుతోంది, ఆపకూడదు అని కిటికీ తర్వాత కిటికీ మూసుకుంటూ పోయారు. ఇల్లు సొరంగం చేస్తారని నేను కలగన్నానా?"

"మరి నువ్వెందుకు ఊరుకున్నావు పెద్దమ్మా?"

"ఊరుకోలేదు. వంటింటి కిటికీ మూసిన రోజు నిలబెట్టి దులిపేశాను. నేను తిడుతుంటే, ఈయన పట్టీ పట్టుకుని స్టూలు మీద కొయ్యబొమ్మలా నిలబడిపోతే, నువ్వు నవ్వావు. ఈ ఇంట్లో నువ్వు నవ్వడం అదే మొదలు. ఇంక తెరవమని ఏం చెప్పను."

"అదేం కాదు, పరీక్ష పరీక్షే," అన్నారు పెదనాన్న. ఆయన చెవులు రెండూ ఎర్రబడ్డాయి. భూతద్దం కోసం వెతుకుతున్నట్టు పక్కగదిలోకి వెళ్లారు. భూతద్దం ఆయన మెళ్లోనే ఉంది.

సోమవారం ఉదయం నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలో తచ్చాడారు. రిజిస్టర్లు సంచిలో ఉన్నాయా, మంచినీళ్ల సీసా పెట్టుకున్నావా అని అడిగారు. అసలు మాట ఇంకా రాలేదని నాకు తెలుసు.

"మీ గదికి పడమటి కిటికీలు ఎన్ని తల్లీ?"

"మూడు. ఆ రోజే చూశారుగా."

"చూశాననుకో. ఒక్కటైనా ఖాళీగా ఉంటుందంటావా?"

"కొత్తగా చేరే రోజున అవన్నీ ఏమడుగుతాను పెదనాన్నా."

"అవునవును. అడక్కు. ఎందుకు మనకి."

మధ్యాహ్నం మేడం ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ బల్ల దగ్గరికి రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. మూడోసారి ఆవిడే తలెత్తి ఏంటన్నారు. అడిగాను. ఆవిడ చాలాసేపు నవ్వి, మూలనున్న కిటికీ ఇచ్చారు, అదీ కింది సగం మాత్రమే.

మర్నాడు నేను బస్టాపుకి వెళ్లేసరికి, చంకలో నల్లట్టల కట్ట పెట్టుకుని పెదనాన్న నాకంటే ముందే వచ్చి నిలబడ్డారు.